పారిష్ పుస్తకాల్లో అట్టడుగు వంశచరిత్ర: స్కాట్లాండ్ రికార్డులను ఎట్లా చదవాలి?

వంశచరిత్ర అనగానే మనకు గుర్తొచ్చేది రాజులు, జమీందార్లు, గోత్ర ప్రవరలు, దొరల గడప ముందు వంశం పొగిడే భట్రాజులు. మాదిగలకు డక్కలివాళ్ళు వంశావళి చెబుతారు గానీ, ఆ నోటి చరిత్రను పండితులు చాలాకాలం చరిత్ర కింద లెక్కే వెయ్యలేదు. దాంతో రాతలో వంశం దొరకటమనేది ఆస్తి ఉన్నవాళ్ళ వ్యవహారమనే నమ్మకం మనలో కూడా పాతుకుపోయింది. ఈ నమ్మకం పూర్తిగా నిజం కాదు. స్కాట్లాండులో బొగ్గుగని కూలీ, రైతు దగ్గర జీతానికున్న పాలేరు, పెళ్ళికాని తల్లి, చర్చి డబ్బాలోంచి ఇచ్చే చిల్లరతో బతికిన ముసలమ్మ, వీళ్ళ వంశాలను రెండువందల ఏళ్ళు, కొన్నిచోట్ల అంతకంటే వెనక్కి కూడా, ఊరి రికార్డుల ద్వారా పట్టుకోవచ్చు. ఇది అక్కడి పాలకుల ఉదారత వల్ల జరిగింది కాదు. పేదల మీద కన్నేసి ఉంచటానికి, వాళ్ళకు పెట్టే ఖర్చు తగ్గించుకోవటానికి, వాళ్ళ ఒంటి మీద కూడా అదుపు సాధించటానికి రాసుకున్న పుస్తకాలవి. అదుపు కోసం రాసిన రాతను అట్టడుగు కుటుంబం తన చరిత్ర కోసం తిరగేసి చదువుకోవచ్చునన్నదే మేము చెప్పదలచుకున్న సంగతి. ఆ చదవటం ఎట్లాగో చూద్దాం.

పారిష్ అంటే ఒక చర్చి కింద ఉండే ఊరు, దాని చుట్టుపక్కల పల్లెలు. చర్చికి ఒక మినిస్టరు ఉంటాడు, మన సంఘాల్లో పాస్టరుగారు అన్నట్టు. ఆయనతో పాటు సంఘ పెద్దలు. వీళ్ళంతా కలిసి కూర్చునే సభ పేరు కిర్క్ సెషన్. మన పల్లె చర్చిల్లో సంఘ పెద్దల తీర్పులు చూసినవాళ్ళకు ఈ సెషన్ కొత్తగా అనిపించదు. కాకపోతే దానికి పంచాయితీ, పోలీసు, సంక్షేమ శాఖ మూడూ కలిసినంత అధికారం ఉండేది. సెషన్ గుమాస్తా పని చాలాచోట్ల బడిపంతులే చేసేవాడు. జీతం చాలదు కాబట్టి పద్దుకింత అని ఫీజు తీసుకునేవాడు. ఆయన రాసే రిజిస్టర్లలో బాప్తిస్మాలుంటాయి, పెళ్ళి ప్రకటనలుంటాయి, కొన్నిచోట్ల సమాధుల లెక్క ఉంటుంది. ఈ చివరిది చాలా పారిష్‌లలో శవం మీద కప్పే గుడ్డకు కట్టిన అద్దె లెక్క మాత్రమే! చావు తారీకు కంటే గుడ్డ అద్దె ముఖ్యమైపోయింది. ఇప్పటిదాకా మిగిలిన రిజిస్టర్లలో అన్నిటికంటే పాతది పెర్త్‌షైర్‌లోని ఎరల్ పారిష్‌ది, 1553 నుంచి ఉంది. మిగతాచోట్ల ఒక్కో పారిష్‌కు ఒక్కో మొదలు. మధ్యలో చిరిగిన పేజీలు, ఏళ్ళకేళ్ళు ఖాళీలు మామూలే.

1855 జనవరి 1 నుంచి పుట్టుక, పెళ్ళి, చావు నమోదు చర్చి చేతుల్లోంచి ప్రభుత్వం చేతుల్లోకి వెళ్ళింది. అందుకని పని ఎప్పుడూ ఈ తేదీకి ఇవతలి నుంచి మొదలుపెట్టి అవతలికి పోవాలి. ఎవరో గొప్పవాడి పేరు పట్టుకుని అక్కణ్ణుంచి తమ దాకా దారి వేసుకునేవాళ్ళు అక్కడా ఉన్నారు. అట్లా చేస్తే దొరికేది కోరుకున్న తాత, కన్న తాత కాదు.

స్కాట్లాండు మరణ ధ్రువపత్రం మిగతా దేశాలవాటికంటే మనకు ఎక్కువ పనికొస్తుంది. అందులో చనిపోయిన మనిషి తండ్రి పేరు, తండ్రి వృత్తి, తల్లి పేరు ఉంటాయి. తల్లి పుట్టింటి ఇంటిపేరు కూడా ఉంటుంది. స్కాట్లాండులో పెళ్ళైన ఆడమనిషి రికార్డుల్లో తన పుట్టింటి పేరుతోనే నిలిచి ఉంటుంది. కాబట్టి ఒక్క కాగితంతో రెండు వంశాల కొసలు చేతికొస్తాయి. మన దగ్గర మీ అమ్మమ్మగారి పుట్టింటి ఇంటిపేరేమిటని క్లాసులో విద్యార్థులను అడిగి చూడండి, ఎంతమంది చెప్పగలరో! రాతలో లేనిదాన్ని మూడోతరం మరిచిపోతుంది, ముందుగా పోయేది ఆడవాళ్ళ వైపుది.

దీన్ని ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. చోటు మాత్రం నిజమైనదే. ఫైఫ్ ప్రాంతంలో, ఫోర్త్ సముద్రపాయ ఒడ్డున వీమ్స్ అనే పారిష్ ఉంది. బొగ్గుగనులు, సముద్రపు నీటిని బొగ్గుతో మరిగించి ఉప్పు తీసే బట్టీలు, మెథిల్ రేవు అన్నీ వీమ్స్ ప్రభువుల ఎస్టేటు కిందివే. అక్కడ ఒక గని కార్మికుడు 1871లో 84వ ఏట చనిపోయాడనుకుందాం. మరణపత్రంలో అతని తల్లిదండ్రుల పేర్లున్నాయి. చెప్పినవాడి సంతకం చోట ఇంటూ మార్కు ఉంది. చెప్పింది మనవడైతే ముత్తాత పేరు తప్పు చెప్పి ఉండవచ్చు, అది గుర్తుంచుకోవాలి. తర్వాత జనాభా లెక్కలు. 1851 లెక్కల్లో ఇంట్లో ఎవరు ఎవరికేమవుతారో, ఎవరు ఏ పారిష్‌లో పుట్టారో ఉంటుంది. 1841 లెక్కల్లో ఇతని వయసు 50 అని కనపడితే వేరే మనిషి అనుకుని వదిలెయ్యకూడదు. ఆ ఏడు 15 దాటినవాళ్ళ వయసును ఐదుకో మెట్టు చొప్పున కిందికి దించి రాయమని ఎన్యుమరేటర్లకు ఆదేశం. 54 ఏళ్ళవాడు 50 అయ్యాడు, అంతే.

ఇప్పుడు 1787 చుట్టుపక్కల బాప్తిస్మం వెతకాలి. ఇక్కడ ఒక చిక్కుంది. 1783 నుంచి 1794 దాకా ప్రతి పద్దు మీద మూడు పెన్నీల పన్ను వేశారు. కటిక పేదలకు మినహాయింపు ఇచ్చినా, ఆ మినహాయింపు కావాలంటే దరిద్రుడినని ఒప్పుకోవాలి గదా. పన్నూ కట్టక, దరిద్రుడన్న పేరూ వద్దనుకుని బాప్తిస్మం పొంది కూడా పద్దు రాయించుకోనివాళ్ళు ఉన్నారు. కాబట్టి ఆ పదకొండేళ్ళలో పేరు లేకపోతే మనిషి లేడని కాదు. అన్నదమ్ములవీ అక్కచెల్లెళ్ళవీ పద్దులు అటూ ఇటూ వెతికితే కుటుంబం దొరకవచ్చు. పేర్ల ఆచారం కూడా సాయపడుతుంది. పెద్దకొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు, పెద్దకూతురికి తల్లి తల్లి పేరు పెట్టటం అక్కడ వాడుక. మనకు ఇది చెప్పి ఒప్పించాల్సిన పని లేదు, తాత పేరు మనవడికి పెట్టుకునేవాళ్ళమే. ఇబ్బంది కూడా మనకు తెలిసిందే: ఒకే తాత పేరు ఐదుగురు మనవలకుంటే ఒకే పారిష్‌లో ఒకే పేరుతో ఐదుగురు పెద్దమనుషులు తయారవుతారు. వాళ్ళను విడదీసేది వృత్తి, ఉన్న ఇల్లు, బాప్తిస్మానికి సాక్షిగా నిలబడ్డవాళ్ళ పేర్లు.

బాప్తిస్మం దొరికిందనుకుందాం. తండ్రి పేరు పక్కన కొల్లియర్, అంటే బొగ్గు తవ్వేవాడు అని ఉంది. ఆ తండ్రి 1755 ప్రాంతంలో పుట్టినవాడై ఉంటాడు. ఈ ఒక్క మాట దగ్గర మనం ఆగాలి. ఎందుకంటే 1755లో స్కాట్లాండ్ కొల్లియర్ కుటుంబంలో పుట్టినవాడు స్వేచ్ఛ గలవాడు కాదు.

1606లో స్కాట్లాండ్ పార్లమెంటు ఒక చట్టం చేసింది. పాత యజమాని ఇచ్చిన చీటీ లేకుండా కొల్లియర్‌ను గానీ, ఉప్పు బట్టీవాణ్ణి గానీ, బొగ్గు మోసేవాళ్ళను గానీ ఎవరూ పనిలో పెట్టుకోకూడదు. వెళ్ళిపోయినవాణ్ణి ఏడాది మీద ఒక్కరోజు లోపల యజమాని తిరిగి పట్టుకుపోవచ్చు. పారిపోయినవాడు దొంగ కింద లెక్క. దొంగిలించిందేమిటంటే తనను తానే! 1701లో అకారణంగా జైల్లో పెట్టటానికి వ్యతిరేకంగా చట్టం వచ్చినప్పుడు కొల్లియర్లనూ ఉప్పుబట్టీ వాళ్ళనూ అందులోంచి మినహాయించారు. గని చేతులు మారితే గనితో పాటు మనుషులూ మారేవాళ్ళు. బిడ్డ బాప్తిస్మం రోజున యజమాని తల్లిదండ్రుల చేతిలో ఆర్ల్స్ అనే బయానా డబ్బు పెట్టేవాడు, దాంతో ఆ బిడ్డ కూడా గనికి కట్టుపడినట్టే. రిజిస్టరులో చూస్తే ఈ పద్దుకూ పక్కనున్న రైతుబిడ్డ పద్దుకూ తేడా ఏమీ కనపడదు. తేడా చెప్పే గుర్తు వృత్తి పదం ఒక్కటే. ఆ డబ్బు లెక్క, ఏ గనికి ఎంతమంది అన్న జాబితా వెతకాల్సింది ఎస్టేటు కాగితాల్లో. చర్చి పుస్తకాన్నీ దొర పుస్తకాన్నీ పక్కపక్కన పెడితే తప్ప కట్టుబానిసత్వం కనిపించదు.

ఒకే ఇంటిపేర్లు ఒకే పారిష్‌లో నాలుగు తరాలు, కొల్లియర్ ఇంటి పిల్లకు కొల్లియర్ ఇంటి పిల్లవాడే మొగుడు, సాక్షులు కూడా కొల్లియర్లే. పుస్తకాలు చదివే పెద్దమనుషులు దీన్ని చూసి వాళ్ళు తమలో తామే ఉంటారనీ, అది వాళ్ళ ఆచారమనీ రాసేశారు. ఈ మాట మనం ఎక్కడ విన్నామో పాఠకులకు వేరే చెప్పక్కర్లేదు. కదలకుండా కట్టేసింది చట్టం, ఆచారమని పేరు పెట్టింది కట్టేసినవాళ్ళు. 1775 చట్టం కొత్తగా చేరేవాళ్ళను బంధించటం ఆపింది. అప్పటికే ఉన్నవాళ్ళకు మాత్రం వయసును బట్టి గడువులు పెట్టి, కోర్టుకు వెళ్ళి తేల్చుకోమంది. పూర్తి విముక్తి 1799 చట్టంతో గానీ రాలేదు. మన ఉదాహరణలోని మనిషి 1787లో పుట్టాడు, అతని తండ్రి కట్టుబానిసగా పుట్టాడు. ఒక మరణపత్రం, రెండు జనాభా లెక్కలు, ఒక బాప్తిస్మం, అంటే నాలుగు కాగితాలతో ఇక్కడికి చేరుకున్నాం.

ఆడవాళ్ళ సంగతి రిజిస్టరు దాదాపు చెప్పదు. తల్లి పేరు ఉంటుంది, పని ఉండదు. కానీ తూర్పు స్కాట్లాండు గనుల్లో మొగుడు తవ్విన బొగ్గును వీపు మీద మోసుకుని మెట్లెక్కి పైకి తెచ్చింది పెళ్ళాం, కూతుళ్ళు. 1842లో పార్లమెంటు కమిషన్ నివేదిక వచ్చి, అదే ఏడు ఆడవాళ్ళనూ పదేళ్ళ లోపు మగపిల్లలనూ గనిలోపలికి దించటాన్ని నిషేధించేదాకా ఇది సాగింది. ఆ నివేదికలో పిల్లల, ఆడవాళ్ళ వాంగ్మూలాలు పేర్లతో సహా అచ్చయ్యాయి. పారిష్ పుస్తకంలో ఫలానావాడి కూతురుగా మాత్రమే ఉన్న పిల్ల ఆ నివేదికలో ఎంత బరువు మోసిందో, ఎన్ని గంటలకు లేచిందో తన మాటల్లో చెబుతుంది.

వీమ్స్ నుంచి కదలకముందు ఇంకొకటి. 1769లో ఆ పారిష్ చర్చిలో ఒక నల్లజాతి బానిసకు బాప్తిస్మం ఇచ్చారు. వెస్టిండీస్ నుంచి డేవిడ్ డాల్రింపుల్ అనే డాక్టరు అతణ్ణి మెథిల్‌కు తెచ్చాడు. మినిస్టరు హ్యారీ స్పెన్స్ పేరు మీదుగా అతను డేవిడ్ స్పెన్స్ అని పేరు పెట్టుకుని, ఇక నేను బానిసను కానని ప్రకటించి ఒక రైతు ఇంట్లో ఆశ్రయం తీసుకున్నాడు. వ్యవహారం కోర్టుకెక్కింది. అతని ఖర్చులకు డబ్బు ఇచ్చినవాళ్ళలో ఆ చుట్టుపక్కల గనికూలీలూ ఉప్పుబట్టీ కూలీలూ ఉన్నారు. తాము ఇంకా ముప్ఫై ఏళ్ళు కట్టుబానిసలుగానే ఉండబోయేవాళ్ళు! 1770లో యజమాని చనిపోవటంతో తీర్పు రాలేదు. 1778లో జోసెఫ్ నైట్ అనే మరో నల్లజాతి మనిషి కేసులో గానీ స్కాట్లాండ్ ఉన్నత న్యాయస్థానం అక్కడి చట్టం బానిసత్వాన్ని ఒప్పుకోదని తేల్చలేదు. బాప్తిస్మం పద్దు ఒకరిని గనికి కట్టెయ్యటానికీ, మరొకరు సంకెల తెంచుకోవటానికీ పనికొచ్చింది. అదే పారిష్, అదే కాలం.

రిజిస్టర్లకంటే అట్టడుగువాళ్ళు ఎక్కువగా కనపడేది సెషన్ మినిట్స్ పుస్తకాల్లో. మర్యాదస్తుడైన రైతు గురించి బాప్తిస్మం, పెళ్ళి తప్ప ఏమీ దొరకదు. పెళ్ళికాకుండా కడుపు వచ్చిన పనిమనిషి గురించి మాత్రం పేజీలకు పేజీలుంటాయి. ఆమెను పిలిపిస్తారు, తండ్రెవరని అడుగుతారు, అతణ్ణి పిలిపిస్తారు, ఇద్దరినీ వరుస ఆదివారాలు సంఘం ముందు నిలబెడతారు, జరిమానా వేస్తారు. కవి రాబర్ట్ బర్న్స్ కూడా 1786లో మాక్లిన్ చర్చిలో ఇట్లా నిలబడ్డవాడే. అయితే కవి నిలబడితే అది సాహిత్య చరిత్ర అవుతుంది. పనిమనిషికి ఊళ్ళో పనే దొరకదు. కాన్పు నొప్పుల్లో తండ్రి పేరు చెప్పించమని మంత్రసానులను పురమాయించిన సెషన్లున్నాయి. 1690 చట్టం ప్రకారం కడుపు దాచి, బిడ్డ చనిపోతే ఆ తల్లి హంతకురాలు. ఈ పుస్తకాలు చదువుతుంటే కడుపు మండుతుంది. అయినా తండ్రి పేరు దొరకని వంశానికి అది దొరికే చోటు చాలాసార్లు ఇదొక్కటే. 1855 తర్వాత పరిస్థితి తలకిందులైంది. పెళ్ళికాని తల్లి ఒంటరిగా వచ్చి నమోదు చేయిస్తే తండ్రి పేరు రాయరు. అతను స్వయంగా వచ్చి సంతకం పెట్టాలి, లేదా కోర్టు తేల్చాలి.

పేదల సాయం కూడా 1845 దాకా సెషన్ చేతుల్లోనే ఉండేది. ఆ ఏడు వచ్చిన పేదల చట్టంతో పారోకియల్ బోర్డులు ఏర్పడ్డాయి. పనిచేసే శక్తి ఉండి పని దొరకనివాడికి ఆ చట్టం కింద హక్కేమీ లేదు. ముసలివాళ్ళు, రోగులు, విధవలు, అనాథలు అర్జీ పెట్టుకుంటే ఇన్‌స్పెక్టరు ఇంటికొచ్చి చూసి రాసుకునేవాడు. ఎవరు ఎక్కడ పుట్టారు, ఎక్కడెక్కడ ఎన్నేళ్ళున్నారు, తల్లిదండ్రులెవరు, పిల్లలు ఏం సంపాదిస్తున్నారు, మతమేది, రోగమేది. ఎందుకిన్ని ప్రశ్నలంటే, ఈ మనిషి ఖర్చు ఏ పారిష్ నెత్తిన పడాలో తేల్చటానికి. పుట్టిన పారిష్ భరించాలా, ఐదేళ్ళు వరసగా కష్టం చేసుకు బతికిన పారిష్ భరించాలా? ఐరిష్ కూలీలైతే ఓడెక్కించి వెనక్కి పంపెయ్యవచ్చు. పారిష్‌లు ఒకదానిమీదికొకటి తోసుకుంటూ జరిపిన ఉత్తరాల్లో మా లెక్కన ఏ ప్రభువు జీవితచరిత్రలోనూ లేనంత వివరం ఉంది. గ్లాస్గో నగర ఆర్కైవ్స్‌లో 1851 నుంచి 1948 దాకా ఇట్లాంటి అర్జీలు పది లక్షలకు పైగా ఉన్నాయి.

ఊరూరా తిరిగే పాలేర్లను పట్టుకోవటం వేరే విద్య. స్కాట్లాండులో పాలేరు ఒప్పందం ఆర్నెల్లకో ఏడాదికో ముగుస్తుంది, సంతలో నిలబడి కొత్త రైతును వెతుక్కోవాలి. అతని కుటుంబం ఏ పారిష్‌లోనూ నిలకడగా కనపడదు. జనాభా లెక్కల్లో పిల్లల పుట్టిన పారిష్‌లను వరసగా రాసుకుంటే మాత్రం వాళ్ళు నడిచిన దారి మొత్తం బయటపడుతుంది. పాత చర్చి నుంచి చీలిన సంఘాలవాళ్ళూ, కాథలిక్కులూ, 1843లో ఫ్రీ చర్చి పెట్టుకుని బయటికొచ్చినవాళ్ళూ పారిష్ రిజిస్టర్లలో దొరక్కపోవచ్చు, వాళ్ళ వాళ్ళ సంఘాల పుస్తకాలు వెతకాలి. వీటిలో చాలా భాగం ఇప్పుడు ఎడింబరోలోని జాతీయ రికార్డుల సంస్థ స్కాట్లాండ్స్ పీపుల్ అనే వెబ్‌సైటులో పెట్టింది. సెషన్ పుస్తకాల పేజీలను 2021 నుంచి డబ్బు కట్టకుండా చూడవచ్చు.

కొల్లియర్ల కట్టుబానిసత్వాన్ని కులంతో సమానం చెయ్యటం మా ఉద్దేశం కాదు. అది 193 ఏళ్ళ చట్టం, రద్దయ్యాక రెండు మూడు తరాల్లో మచ్చ చెరిగిపోయింది. ఈనాడు అక్కడ ముత్తాత కొల్లియర్ అని కనుక్కున్నవాడు గోడమీద పటం కట్టుకుంటాడు. ఆ రాతవల్ల అతనికి ఇల్లు అద్దెకు దొరక్కుండా పోదు, పిల్లనివ్వటం మానరు. మన రికార్డుల్లో తాత పేరు పక్కనున్న మాట ఇంకా బతికే ఉంది.

ఆ దేశానికీ మన రికార్డులకూ సంబంధం లేకపోలేదు. దత్తమండలాలకు కలెక్టరుగా వచ్చి రైత్వారీ పట్టా లెక్కలు స్థిరపరిచిన థామస్ మన్రో 1761లో గ్లాస్గోలో పుట్టాడు. ఊరూరి కైఫీయతులు సేకరించిన కాలిన్ మెకంజీది లూయిస్ దీవిలోని స్టోర్నొవే. కూలీ బిడ్డ బాప్తిస్మం కూడా పుస్తకంలోకెక్కే దేశం నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడ రాయించింది ప్రధానంగా భూమినీ, శిస్తునూ, గుళ్ళనూ, పాలకులనూ. రాసింది కరణాలు. మాల మాదిగలు ఈ రాతల్లో తలారి మాన్యంగా, వెట్టి మాన్యంగా, ఊరి బయట ఇళ్ళ లెక్కగా కనపడతారు. మనిషికొక పేరు, పక్కన తల్లి పేరు, తండ్రి పేరు అరుదు. అట్లా రాసిన పుస్తకాలు రెండు చోట్ల ఉన్నాయి. ఒకటి, 1860 నుంచి మద్రాసు రేవులో ఓడెక్కి నాటాల్ వెళ్ళిన ఒప్పంద కూలీల జాబితాలు: పేరు, తండ్రి పేరు, కులం, ఊరు, జిల్లా. దక్షిణాఫ్రికా తెలుగువాళ్ళు ఇప్పుడు తమ ఊళ్ళు వెతుక్కునేది వీటితోనే. రెండోది మిషన్ల బాప్తిస్మం పుస్తకాలు. ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది, వాళ్ళలో అత్యధికులు మాదిగలు. వాళ్ళ మునిమనవలు ఈనాడు వంశం వెతకాలంటే ఈ మిషన్ల పుస్తకాలే మొదటి మెట్టు.

అయితే స్కాట్లాండులో తాతను చూపించే పద్దు ఇక్కడ మనవడి హక్కును తీసెయ్యగలదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది, తర్వాత 1956లో సిక్కులనూ 1990లో బౌద్ధులనూ చేర్చారు. క్రైస్తవ దళితులు ఆంధ్ర, తెలంగాణల్లో బీసీ-సీ కింద ఒక్క శాతం రిజర్వేషన్‌లోకి పోతారు. 2024 నవంబరులో పుదుచ్చేరికి చెందిన ఒక మహిళ ఎస్సీ ధ్రువపత్రం కేసులో సుప్రీంకోర్టు ఆమె అర్జీని కొట్టేసింది. అక్కడ పరిగణనలోకి వచ్చిన సాక్ష్యాల్లో ఆమె పసిబిడ్డగా ఉన్నప్పటి బాప్తిస్మం పద్దు ఒకటి. ఉయ్యాలలో ఉన్న బిడ్డ ఏ మతం ఎంచుకున్నట్టు?

అందుకని ఈ పనికి దిగే విద్యార్థులకు, కార్యకర్తలకు మేము చెప్పేది ఇది. ఇంటి నుంచి మొదలుపెట్టండి. ఉన్న పెద్దవాళ్ళను, ముఖ్యంగా ఆడవాళ్ళను అడిగి పుట్టింటి ఇంటిపేర్లు, ఊళ్ళు రాసుకోండి. తర్వాత బడి అడ్మిషన్ రిజిస్టర్లు, ఊరి జనన మరణాల పుస్తకాలు, డక్కలివాళ్ళు చెప్పే వంశావళి, ఆ పైన చర్చి పుస్తకం. స్కాట్లాండులో పుట్టుక పద్దు నూరేళ్ళు, పెళ్ళి 75 ఏళ్ళు, చావు 50 ఏళ్ళు దాటితే గానీ ఆన్‌లైన్‌లో పేజీ చూపించరు. మన పల్లె చర్చిల్లో అట్లాంటి నియమం లేదు, బీరువా తాళం ఎవరి దగ్గరుంటే వాళ్ళదే ఇష్టం. కాబట్టి నూరేళ్ళ లోపు బాప్తిస్మం పద్దును ఆ కుటుంబం ఒప్పుకోకుండా నకలు తియ్యకండి. తీసిన నకలును పేరు, ఊరు కలిపి అచ్చు వెయ్యకండి. పాత పుస్తకాలకు చెదలు పడుతుంటే మాత్రం, సంఘ పెద్దలను ఒప్పించి, పేజీలన్నీ ఫోటో తీసి ఆ ఫోటోలను ఆ సంఘానికే అప్పగించి రండి.